సంతకానికీ మొదటి డోసుకీ మధ్య 28 రోజులు

క్యాన్సర్‌కి కొత్త మందుని పరీక్షించే ట్రయల్‌లో చేరదామనుకున్నప్పుడు అందరి ధ్యాసా మందు మీదే ఉంటుంది. పనిచేస్తుందా, వికటిస్తుందా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి కూర్చోబెడతారా అని. అడగాల్సిన ప్రశ్నలే. కానీ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉండే పెద్ద ఆసుపత్రుల్లో ట్రయల్స్ ఎలా నడుస్తాయో దగ్గరగా తెలిసినవాళ్లకి ఇంకో సంగతి కూడా తెలుసు. చాలామందికి ట్రయల్ చేజారిపోయేది మందు మొదలయ్యాక కాదు, మొదలవకముందే. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టిన రోజుకీ మొదటి డోసు పడే రోజుకీ మధ్య ఉండే గడువులో. చాలా ప్రోటోకాల్స్‌లో, అంటే ట్రయల్ ఎలా నడపాలో రాసిపెట్టిన నియమాల్లో, ఆ గడువు 28 రోజులు. జబ్బు ముదిరి అర్హత పోతే ఎవరూ ఏమీ చేయలేరు. కానీ పాత బయాప్సీ ముక్క ఉన్న మైనపు బ్లాక్ సమయానికి రాలేదనో, మధ్యలో ఎవరో వేరే మందు మొదలుపెట్టారనో అవకాశం పోతే మాత్రం మనసు ఒప్పుకోదు. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం ఆ 28 రోజుల గురించే.

ముందుగా, ఎవరిని పట్టుకోవాలో. ట్రయల్‌కి బాధ్యుడైన డాక్టర్ని ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ అంటారు, సాధారణంగా సీనియర్ ప్రొఫెసర్. టీచింగ్ ఆసుపత్రి కాబట్టి వార్డులో మిమ్మల్ని చూసే రెసిడెంట్లు (శిక్షణలో ఉన్న డాక్టర్లు) తరచూ మారిపోతుంటారు. మీ తేదీలు, మీ శాంపిళ్లు, మీ కాగితాలు అన్నీ ఎక్కడున్నాయో తెలిసిన మనిషి స్టడీ కోఆర్డినేటర్. ఆ నంబరు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ట్రయల్ మందు మామూలు ఫార్మసీలో దొరకదు. దానికి వేరే ఇన్వెస్టిగేషనల్ ఫార్మసీ ఉంటుంది. అక్కడ ప్రతి సీసాకీ, ప్రతి మాత్రకీ లెక్క ఉంటుంది.

ట్రయల్స్‌ని వెతికే చోటు క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్. అక్కడ ప్రతి ట్రయల్‌కీ ఎన్‌సీటీ అనే అక్షరాల తర్వాత 8 అంకెల నంబరు ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు మందు పేరు కంటే ఆ నంబరు చెబితే పని తొందరగా అవుతుంది. ‘రిక్రూటింగ్’ అని కనిపించినంత మాత్రాన మీరు వెళ్లే ఆసుపత్రిలో ఆరోజు చోటు ఉందని కాదు. కింద ఆసుపత్రుల జాబితాలో ఒక్కోదానికీ విడిగా స్థితి రాసి ఉంటుంది, అది చూడండి.

ఎంత డోసు ఇవ్వవచ్చో తేల్చే మొదటి దశ ట్రయల్ అయితే ‘స్లాట్ లేదు’ అనే మాట వినాల్సి రావచ్చు. అది మిమ్మల్ని వదిలించుకోవడానికి చెప్పే మాట కాదు. పాతకాలం నుంచీ వస్తున్న 3+3 పద్ధతిలో ఒక్కో డోసు స్థాయిలో ముగ్గురికే మందు ఇస్తారు. మొదటి సైకిల్ అంతా, అంటే 21 లేదా 28 రోజులు, వాళ్లని గమనిస్తారు. ముగ్గురిలో ఎవరికీ తీవ్రమైన దుష్ప్రభావం రాకపోతే పై డోసుకి వెళ్తారు. ఒకరికి వస్తే అదే డోసు ఇంకో ముగ్గురికి ఇచ్చి చూస్తారు. ఇద్దరికి వస్తే ఆ డోసు ఎక్కువైనట్టే, కిందికి దిగుతారు. మూడో మనిషి గమనింపు గడువు పూర్తయ్యేదాకా పై స్థాయి తెరవరు. ఇప్పుడు లెక్కల ఆధారంగా డోసు పెంచే కొత్త పద్ధతులూ వాడుతున్నారు గానీ ఈ ఎదురుచూపు మాత్రం తప్పదు.

ఇక్కడే ఇంకో మాట. ఎంత పెద్ద డోసైతే అంత మేలు అనే లెక్క కీమో రోజులది. ఇప్పుడు వచ్చే మాత్రల్లో చాలావాటికి అది వర్తించదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి వాడే సోటోరాసిబ్‌ని 2021లో రోజుకి 960 మిల్లీగ్రాముల డోసుతో ఆమోదిస్తూనే, 240 మిల్లీగ్రాములతో కూడా పోల్చి చూపించమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ షరతు పెట్టింది. అదే ఏడాది ప్రాజెక్ట్ ఆప్టిమస్ పేరుతో డోసు ఎంపిక మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. కాబట్టి ‘మీకు తక్కువ డోసు వచ్చింది’ అన్నారని దిగులు పడక్కర్లేదు.

రెండో దశలో గడ్డలు తగ్గుతున్నాయా అని చూస్తారు. మూడో దశలో ఇప్పుడున్న మంచి చికిత్సతో పోలుస్తారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో కంప్యూటరు తేలుస్తుంది, డాక్టరు చేతిలో ఉండదు. పనిచేసే చికిత్స ఉన్న జబ్బులో ఉత్తుత్తి మాత్ర ఒక్కటే ఇవ్వడం ఉండదు. మామూలు చికిత్సకి తోడుగా అసలు మందో ఉత్తుత్తి మాత్రో ఇస్తారు.

ఇక సంతకం. కన్సెంట్ ఫారం పెద్దదిగా ఉంటుంది. ఇంటికి తీసుకెళ్లి చదువుకోవడం మీ హక్కు. అన్నీ చదివే ఓపిక లేకపోతే, ఏ రోజు ఏం చేస్తారో చెప్పే పట్టిక ఒక్కటైనా చూడండి, ఫారంలో లేకపోతే అడిగి తీసుకోండి. ఎన్నిసార్లు రావాలి, ఎన్ని బయాప్సీలు, వాటిలో తప్పనిసరివి ఏవి, ఏ పరీక్షల ఖర్చు ట్రయల్ పెట్టుకుంటుంది, మందు వల్ల హాని జరిగితే చికిత్స ఎవరి బాధ్యత. ఈ ప్రశ్నలకి జవాబు కాగితం మీద చూపించమనండి.

సంతకానికి ముందు, ట్రయల్ కోసమే చేసే పరీక్ష ఏదీ చేయకూడదు. అయితే మీ మామూలు వైద్యంలో భాగంగా ఈమధ్యే తీసిన సీటీ స్కాన్ ఉంటే, అది గడువులోపలే ఉంటే, చాలా ప్రోటోకాల్స్ దాన్నే ఒప్పుకుంటాయి. కాబట్టి స్కాన్ రిపోర్టు కాగితం మాత్రమే పట్టుకెళ్లకండి. బొమ్మలున్న సీడీ కావాలి. స్కాన్‌లో ఒక్కో పొర మందం 5 మి.మీ. మించకూడదు, కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇచ్చి తీసినదైతే మంచిది. అది సరిపోతే ఒక స్కాన్, వారం రోజులూ మిగులుతాయి.

28 రోజులు అన్నాను కదా, అసలు చిక్కు ఏమిటంటే ఆ గడువులన్నీ డోసు రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. స్కాన్ 28 రోజుల్లోపలిది అయి ఉండాలి. రక్తపరీక్షలు 14 రోజుల్లోపు, కొన్నింటిలో 7 రోజుల్లోపు. గర్భ పరీక్ష చాలాసార్లు 72 గంటల్లోపు. డోసు ఒక వారం వెనక్కి జరిగితే రక్తపరీక్షలు మళ్లీ చేయాలి. రెండు వారాలు జరిగితే స్కాన్ గడువు కూడా దాటిపోవచ్చు. అందుకే తేలిగ్గా అయ్యే పనులు ముందు కానిచ్చేసి ఆలస్యమయ్యేది చివరికి పెట్టుకుంటే మునుగుతాం. అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఒకటే: పాత బయాప్సీ బ్లాక్.

బ్లాక్ అంటే మీ గడ్డ నుంచి తీసిన ముక్కని ఫార్మలిన్‌లో ఊరబెట్టి మైనంలో పోతపోసిన చిన్న దిమ్మ. అగ్గిపెట్టె కంటే చిన్నది. మొదట బయాప్సీ చేసిన ఆసుపత్రి పెథాలజీ విభాగంలో అరలో ఉంటుంది. దాన్నుంచి 4 లేదా 5 మైక్రాన్ల మందాన పొరలు కోసి గాజు స్లైడ్ల మీద పరుస్తారు. ట్రయల్‌ని బట్టి రంగు వేయని స్లైడ్లు పది నుంచి ఇరవై దాకా అడుగుతారు. జన్యు మార్పు ఉందా లేదా, ఫలానా ప్రోటీన్ ఎంత ఉంది అని సెంట్రల్ ల్యాబ్ (ట్రయల్ శాంపిళ్లన్నీ ఒకేచోట పరీక్షించే ల్యాబ్) తేల్చాకే లోపలికి రానిచ్చే ట్రయల్స్ చాలా ఉన్నాయి.

ఇక్కడ జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేలాంటివి. పాత జన్యు పరీక్షలకి కోసీ కోసీ బ్లాక్‌లో ముక్క అయిపోయి ఉంటుంది. ఎముక నుంచి తీసిన ముక్క అయితే, మెత్తబడటానికి ఆమ్లంలో ఉంచుతారు, దాంతో డీఎన్‌ఏ పాడైపోయి జన్యు పరీక్షకి పనికిరాదు. సన్న సూదితో తీసిన నీరు లేదా కణాల పరీక్ష మాత్రమే ఉంటే, చాలా ట్రయల్స్‌కి అది చాలదు. ముక్క ఉన్నా అందులో క్యాన్సర్ కణాల శాతం మరీ తక్కువైతే వెనక్కి పంపుతారు. నెలల క్రితం కోసి పెట్టిన స్లైడ్లలో ప్రోటీన్ల జాడ మసకబారుతుంది, అందుకే తాజాగా కోసినవే కావాలంటారు. అన్నిటికంటే బాధ కలిగించేది, స్లైడు మీద నంబరూ రిపోర్టు మీద నంబరూ ఒక అంకె తేడాతో ఉండటం. శాంపిల్ అంతా బాగానే ఉంటుంది, కానీ అది మీదేనని ల్యాబ్ ఒప్పుకోదు.

కాబట్టి ట్రయల్ గురించి మొదటిసారి మాట్లాడిన రోజే, సంతకం దాకా ఆగకుండా, ఈ పని మొదలుపెట్టండి. పెథాలజీ రిపోర్టు మీద ఉండే బయాప్సీ నంబరు రాసుకోండి. ఆ విభాగానికి ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి: బ్లాక్ మీ దగ్గరే ఉందా, వేరేచోటికి పంపారా? అందులో ముక్క ఇంకా మిగిలిందా? ఇవ్వడానికి ఏ కాగితం కావాలి? లేదని తేలితే కొత్త బయాప్సీకి తేదీ వేసుకునే సమయం మిగులుతుంది. కొత్త బయాప్సీ సాధారణంగా 18 గేజ్ కోర్ సూదితో చేస్తారు. రక్తం పల్చబరిచే మందులు వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో ముందే అడగాలి. ఇంకో జాగ్రత్త: కొలవడానికి వీలైన గడ్డ ఒంట్లో ఒక్కటే ఉంటే, అందులోంచే ముక్క తీస్తే కొలతలు తారుమారవుతాయి. ఎక్కడ నుంచి తీస్తున్నారో కోఆర్డినేటర్‌కి ముందుగా తెలియాలి.

రక్తపరీక్షల సంగతి. ట్రయల్‌ని బట్టి హద్దులు మారతాయి గానీ చాలాచోట్ల కనిపించేవి ఇవి: న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) మైక్రోలీటరుకి 1,500కి, ప్లేట్‌లెట్లు లక్షకి, హిమోగ్లోబిన్ 9కి తగ్గకూడదు, బిలిరుబిన్ మామూలు గరిష్ఠానికి ఒకటిన్నర రెట్లు మించకూడదు. లివర్ ఎంజైములు రెండున్నర రెట్లు మించకూడదు, లివర్‌లో గడ్డలుంటే ఐదు రెట్ల దాకా ఒప్పుకుంటారు. ‘కొంచెమే కదా తక్కువ, చూసీచూడనట్టు వదిలేయండి’ అని డాక్టర్ని బతిమాలడం వల్ల ఉపయోగం లేదు. ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌కి కూడా ఆ మినహాయింపు ఇచ్చే అధికారం లేదు. ఇచ్చినట్టు తేలితే అది పెద్ద ఉల్లంఘన. అయితే గడువులోపల పరీక్ష మళ్లీ చేసే వెసులుబాటు చాలా ప్రోటోకాల్స్‌లో ఉంటుంది. అది వాడుకోవాలి.

ఎంత చిన్న తేడాతో గట్టెక్కవచ్చో, మునగవచ్చో కిడ్నీ లెక్కలో చూడండి. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో 140 నుంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, దాన్ని 72 రెట్ల క్రియాటినిన్‌తో (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం, రక్తంలో కొలుస్తారు) భాగిస్తారు. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో గుణిస్తారు. 64 ఏళ్ల మగవారు, బరువు 56 కిలోలు, క్రియాటినిన్ 1.1 అనుకుందాం. లెక్క 53.7 వస్తుంది. ప్రోటోకాల్ హద్దు 50 అయితే అర్హులే. అదే మనిషి ముందురోజు వాంతులతో సరిగా నీళ్లు తాగక, క్రియాటినిన్ 1.2 వచ్చిందనుకోండి. లెక్క 49.3. అర్హత పోయింది! అందుకే గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్ల మీద ఆంక్ష పెట్టనివాళ్లు పరీక్షకి ముందురోజు నుంచే బాగా నీళ్లు తాగాలి. వాంతులో విరేచనాలో అయితే పరీక్ష రోజు మార్చమని అడగాలి. రక్తం తీసేటప్పుడు కణాలు చితికితే పొటాషియం, ఏఎస్‌టీ అనే లివర్ ఎంజైము దొంగ లెక్క చూపిస్తాయి. అలాంటప్పుడు శాంపిల్ మళ్లీ ఇవ్వడమే. హిమోగ్లోబిన్ పెంచుదామని పరీక్షకి ముందు రక్తం ఎక్కించుకోవడం, కణాలు పెరగడానికి ఇంజెక్షన్ వేయించుకోవడం చాలా ట్రయల్స్ ఒప్పుకోవు. ఎన్ని రోజుల ముందు దాకా పర్వాలేదో అడిగి తెలుసుకోండి.

మందుల జాబితా చెప్పేటప్పుడు డాక్టరు రాసినవే చెబుతారు చాలామంది. ఆకు మందులు, పొడులు, విటమిన్లు, నిద్రమాత్రలు, గ్యాస్ మాత్రలు అన్నీ చెప్పాలి. లివర్‌లో మందుల్ని విరిచే సీవైపీ3ఏ4 అనే ఎంజైముని కొన్ని అడ్డుకుంటాయి, కొన్ని రెచ్చగొడతాయి. దాంతో ట్రయల్ మందు ఒంట్లో మితిమీరి పేరుకుంటుంది, లేదా అసలు నిలవదు. గ్రేప్‌ఫ్రూట్ పండు మొదటి రకం, సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక రెండో రకం. గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లం తగ్గించడంతో కొన్ని క్యాన్సర్ మాత్రలు సరిగా ఒంటికి ఎక్కవు. వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్, యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ లాంటివి ఈసీజీలో క్యూటీ వ్యవధిని, అంటే ఒక్కో కొట్టుకోవడం తర్వాత గుండె మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయాన్ని, పెంచుతాయి. ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) ట్రయల్స్‌లో ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 10 మిల్లీగ్రాములు దాటితే సాధారణంగా తీసుకోరు. బతికున్న క్రిములతో చేసిన టీకా వేయించుకుంటే 30 రోజులు ఆగమంటారు. ఏ మందూ సొంతంగా ఆపేయకండి. జాబితా ఇవ్వండి, ఏది మార్చాలో వాళ్లు చెబుతారు.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది వాషవుట్. పాత మందు ఒంట్లోంచి పోవడానికి 2 నుంచి 4 వారాలు, లేదా ఆ మందు అర్ధాయువుకి (ఒంట్లో మందు సగానికి తగ్గే కాలానికి) ఐదు రెట్ల కాలం ఆగాలని రాసి ఉంటుంది. ట్రయల్ పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉండగా, ఖాళీగా ఎందుకని ముందటి ఆసుపత్రిలో ఒక కీమో ఇస్తారు. మంచి ఉద్దేశంతోనే. ఆ ఒక్క డోసుతో లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. నొప్పి తగ్గడానికి ఇచ్చే రేడియేషన్‌కీ ఇదే వర్తిస్తుంది. పైగా రేడియేషన్ తగిలిన గడ్డని, ఆ తర్వాత అది పెరిగినట్టు తేలితే తప్ప, కొలత గడ్డగా లెక్కలోకి తీసుకోరు. నొప్పి భరించలేకుండా ఉంటే రేడియేషన్ ఆపుకోమని నేను అననుగాక అనను. నొప్పికి వైద్యం ట్రయల్ కోసం ఆగకూడదు. కాకపోతే ఇచ్చేముందు ఆ రెండు ఆసుపత్రుల డాక్టర్లూ ఒక్కసారి మాట్లాడుకునేలా చూడండి.

ఇవన్నీ దాటితే మొదటి డోసు రోజు. మొదటి దశ ట్రయల్‌లో అది చాలా పెద్ద రోజు. డోసుకి ముందు ఒకసారి రక్తం, తర్వాత అరగంటకి, గంటకి, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది గంటలకి, మర్నాడు 24 గంటలకి. దాదాపు ఇలాగే ఉంటుంది వరస. మందు ఒంట్లో ఎంత ఎక్కింది, ఎంతసేపు నిలిచింది అన్నది ఈ గొట్టాల్లోనే తేలుతుంది. మందు కుడిచేతికి ఎక్కిస్తే రక్తం ఎడమచేతి నుంచి తీయాలి. ఎక్కించిన లైను నుంచే తీస్తే అందులో మిగిలిన మందు కలిసి అంకె దొంగదవుతుంది. తీసిన గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేసి కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాని మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. పది నిమిషాలు ఆలస్యంగా తీశారని కంగారు పడక్కర్లేదు, తీసిన అసలు సమయం రాస్తే లెక్కలో సర్దుకుంటుంది. తీయాల్సిన సమయాన్నే తీసిన సమయంగా రాస్తేనే నష్టం. మాత్రల ట్రయల్ అయితే ఒక్కటి మరవకండి: తర్వాతి రక్తం రోజుల్లో అలవాటు కొద్దీ పొద్దున్నే ఇంట్లో మాత్ర మింగి రాకూడదు. డోసుకి ముందు తీయాల్సిన శాంపిల్ అక్కడితో పోతుంది. ముందురాత్రే సీసా మీద ఒక చీటీ అంటించుకోండి.

ఇంట్లో వేసుకునే రోజుల్లో డైరీ ఏ రోజుకారోజు రాయాలి. మాత్ర వేసుకున్నాక వాంతైతే, ప్రోటోకాల్ ప్రత్యేకంగా చెబితే తప్ప, ఇంకోటి వేసుకోవద్దు. ఖాళీ సీసాలు పారేయకుండా తిరిగి తెచ్చివ్వాలి.

దుష్ప్రభావాలు చెప్పేటప్పుడు ‘కొంచెం విరేచనాలు’ అనే మాట ఎవరికీ ఉపయోగపడదు. సీటీసీఏఈ అనే పట్టిక ప్రకారం ప్రతిదానికీ 1 నుంచి 5 దాకా గ్రేడ్ వేస్తారు. విరేచనాలకైతే, మామూలుగా అయ్యేదానికంటే రోజుకి నాలుగు లోపు ఎక్కువైతే గ్రేడ్ 1, నాలుగు నుంచి ఆరు ఎక్కువైతే 2, ఏడు గానీ అంతకు మించి గానీ ఎక్కువైతే 3. డోసు తగ్గించాలా, ఆపాలా అన్నది ఈ అంకె మీదే తేలుతుంది. కాబట్టి అంకె చెప్పండి. వేరే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ట్రయల్ కార్డు చూపించి, వెంటనే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేయండి. అలాంటి సంఘటన తెలిసిన 24 గంటల్లోపు స్పాన్సర్‌కి (ట్రయల్ నడిపించే కంపెనీకి లేదా సంస్థకి) తెలపాల్సిన బాధ్యత వాళ్లది. ఇమ్యునోథెరపీలో విరేచనాలు పేగు వాపు వల్ల కావచ్చు. అక్కడి డాక్టరు ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్‌తో రోజులు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

స్కాన్లు మందు సైకిల్‌ని బట్టి కాదు, క్యాలెండర్‌ని బట్టి జరుగుతాయి. దుష్ప్రభావం వల్ల డోసు రెండు వారాలు వాయిదా పడినా ఎనిమిదో వారం స్కాన్ ఎనిమిదో వారంలోనే. దీనికి గట్టి కారణం ఉంది. డోసుతోపాటు స్కాన్ కూడా వెనక్కి జరిగితే, ఎక్కువ బాధపెట్టే మందు తీసుకున్న గుంపులో జబ్బు ఆలస్యంగా పెరిగినట్టు కనబడుతుంది. అది మందు గొప్పతనం కాదు, మనం ఆలస్యంగా చూడటం.

రిపోర్టు వచ్చాక ‘తగ్గింది’ అన్నారు, మళ్లీ ‘ట్రయల్ ఆపేయాలి’ అంటున్నారు అని అయోమయంలో పడేవాళ్లు ఎందరో. రెసిస్ట్ 1.1 అనే 2009 నాటి కొలత పద్ధతి తెలిస్తే ఆ అయోమయం ఉండదు. మొదట్లో కొలత గడ్డల్ని ఎంచుకుంటారు, మొత్తం ఐదు, ఒక అవయవంలో రెండుకి మించకుండా. లివర్‌లో 42 మి.మీ., ఊపిరితిత్తిలో 28 మి.మీ. అనుకుందాం, మొత్తం 70. ఎనిమిదో వారానికి 30, 22 అయి మొత్తం 52కి దిగింది. తగ్గినట్టే, కానీ 30 శాతం తగ్గితేనే ‘పాక్షిక స్పందన’. అంటే 49 కావాలి. కాబట్టి రిపోర్టులో ‘స్థిరం’ అని రాస్తారు. పదహారో వారానికి 42 అయింది, అది పాక్షిక స్పందన. ఇకమీదట పెరుగుదలని లెక్కపెట్టేది 70 నుంచి కాదు, ఈ అత్యల్పమైన 42 నుంచి. ఇరవై నాలుగో వారం 50 వస్తే పెరిగింది 19 శాతం, కొనసాగించవచ్చు. 51 వస్తే 21 శాతం, 20 దాటింది, 5 మి.మీ. కంటే ఎక్కువ కూడా. జబ్బు పెరిగినట్టు లెక్క. మొదటి 70 కంటే ఇంకా ఎంతో తక్కువే అయినా సరే. కొత్త గడ్డ ఒక్కటి కనబడినా అదే తీర్పు. ఇమ్యునోథెరపీలో రక్షక కణాలు చేరి గడ్డ ఉబ్బినట్టు కనిపించే అవకాశం ఉంది కాబట్టి, 2017లో వచ్చిన ఐరెసిస్ట్ పద్ధతి 4 నుంచి 8 వారాల తర్వాత ఇంకో స్కాన్‌తో నిర్ధారించుకోమంటుంది. మీ ట్రయల్ ఏ పద్ధతిదో మొదటి రోజే అడిగి పెట్టుకోండి.

ట్రయల్ నుంచి ఎప్పుడైనా బయటికి రావచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యానికి లోటు రాదు. కానీ ‘మానేస్తాను’ అనే మాటకి మూడు అర్థాలున్నాయి. మందు ఆపేసి స్కాన్లకి వస్తూ ఉండటం ఒకటి. రావడం మానేసినా, ఎలా ఉన్నారో ఫోన్‌లో తెలుసుకోవడానికి ఒప్పుకోవడం రెండోది. ఇకమీదట ఏ సమాచారమూ తీసుకోవద్దనడం మూడోది. అలసిపోయి ఒక్క మాట అనేసరికి మూడోదిగా రాసేసే ప్రమాదం ఉంది. మీకు కావాల్సింది ఏదో స్పష్టంగా చెప్పి, అదే రాశారో లేదో చూసుకోండి. అప్పటిదాకా సేకరించిన సమాచారం ట్రయల్‌లోనే ఉంటుంది. ఫ్రీజర్‌లో మిగిలిన శాంపిళ్లని నాశనం చేయమని మాత్రం కోరవచ్చు, వాటిని అప్పటికే వాడేయకపోతే. ఆ కోరిక నోటిమాటగా వదిలేయకుండా రాసివ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.